లేడీస్ పెట్టె కింద పీట

ఏప్రిల్ ఎండలు ముదిరాక, మధ్యాహ్నం మూడింటి వేళ, గాలి ఆడక కిటికీ తెరలు కూడా కదలనప్పుడు, నందిగామలో మా ఇంటి వంటగదిలో తారు వాసన వస్తుంది. గ్యాసు బండ పక్కన గోడకి ఆనించి ఉన్న ముతక చెక్క పీటలోంచి లేస్తుందది. ఇంటికొచ్చినవాళ్ళు ముందు గ్యాసు లీకవుతోందేమోనని కంగారుపడతారు, తర్వాత రోడ్డేస్తున్నారా అని వీధిలోకి తొంగిచూస్తారు, చివరికి నేను పీట చూపిస్తే, ఇంత మొరటుది ఇంకా ఎందుకండీ, చక్కటి ప్లాస్టిక్ స్టూళ్ళు వచ్చాయి కదా అని సలహా చెప్పి కాఫీ తాగి వెళతారు. నేను జవాబు చెప్పను. మాటకి మాట అప్పజెప్పకుండా ఉండటం నాకు చేతకాని పని అని నన్నెరిగినవాళ్ళందరికీ తెలుసు కనక, ఈ ఒక్క విషయంలో నోరెందుకు మూసుకుంటానో ఇక్కడ రాస్తున్నాను.

ఆ పీట రైలు పట్టాల కింద వేసే దుంగతో చేసింది. వానకీ చెదకీ చెడిపోకుండా ఆ దుంగలకి తారు పట్టించేవాళ్ళు, ఆ వాసన నలభై ఏళ్ళయినా దాన్ని వదల్లేదు. అడుగున్నర ఎత్తు, రెండడుగుల పొడవు, నాలుగు లావుపాటి కాళ్ళు, ఎత్తడానికి వీలుగా రెండు పక్కలా రెండు ఇనప కడియాలు. ఒంటి చేత్తో దాన్ని ఎత్తగలిగిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. దాన్ని చేసిన దేవదానం మావయ్య.

మాది వీరులపాడు వైపు మెట్ట పల్లె. బెజవాడ నుంచి ఖమ్మం పోయే లైను మీద, కొండపల్లి దాటాక, మధిర ఇంకా రాకముందు మా స్టేషను. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు నేను రాసిన ప్రతి ముక్కకీ నలుగురు సాక్షుల్ని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వస్తారు. ఊరికి మైలు దూరాన పొలాల మధ్య స్టేషనెందుకు కట్టారన్నదాని మీద మా చిన్నప్పుడు అరుగుల మీద రెండు కథలు నడిచేవి. ఇంజను పొగకి మిరపపూత రాలిపోతుందని, బర్రెలు పాలు ఎగ్గొడతాయని మా ముత్తాతల కాలపు ఆసాములు ఊళ్ళో స్థలం ఇవ్వలేదన్నది ఒకటి. అవతల నైజాం సరిహద్దు కాబట్టి కొలతలు ఎక్కడ కుదిరితే అక్కడ దొరలు కట్టుకుపోయారన్నది రెండోది. మా నాయనమ్మ మొదటి కథే నిజమనేది, స్థలం ఇవ్వనన్నది మా మామగారేనని గొప్పగా చెప్పుకునేది. ఆయన పుణ్యమా అని రెండు తరాలు మైలు దూరం నడిచాయి కదా అని నేనంటే, నడిచినవాళ్ళెవరూ చావలేదులే అనేది. నాకీ నోరు ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ స్టేషను ఎంత చిన్నదైనా, నా కళ్ళకి అంతకంటే పెద్ద వ్యవహారం లోకంలో ఉండేది కాదు. రాతిగోడలు, బెంగుళూరు పెంకుల కప్పు, చెయ్యి పట్టేంత టిక్కెట్టు కిటికీ, దాని వెనక అట్టముక్క టిక్కెట్టు మీద తేదీ గుద్దే యంత్రం చేసే టకటక, ఇసక పోసిన ఎర్ర బకెట్ల వరస, ధాన్యం బస్తా పెట్టినా పిల్లని నిలబెట్టినా ముల్లు కదిలే పెద్ద కాటా, పసుప్పచ్చ పలక మీద మూడు భాషల్లో నల్లటి ఊరి పేరు. నేను హిందీ అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ పలక మీద. వరండాలో దూలానికి ఒక పట్టాముక్క వేలాడేది. పక్క స్టేషను నుంచి బండి బయల్దేరితే దేవదానం మావయ్య దాన్ని ఇనప కడ్డీతో కొట్టేవాడు. ఆ మోత మిరప తోటలు దాటి, పత్తి చేలు దాటి ఊళ్ళోకి వచ్చేది. మా ఊళ్ళో పాలు పితికేదీ, పొయ్యి రాజేసేదీ, పిల్లలకి తలలు దువ్వేదీ ఆ గంటకే. గడియారం ఉన్న ఇళ్ళలో కూడా గంట విన్నాకే గడియారం చూసి, అది తప్పు చూపిస్తే ముళ్ళు సర్దేవాళ్ళు.

లోపాలూ చెబుతాను, నాకేం భయం. ఆడవాళ్ళకి మరుగు అనేది లేదు. ఆడవాళ్ళ వెయిటింగ్ రూము అని రాసిన గదికి తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఏ స్టేషన్ మాస్టరుకీ తెలియదు. అన్నిటికీ మించి ప్లాట్‌ఫారం. ఎత్తు లేదు, నేలకి సమానం, పైగా పొట్టి. బండి పొడుగు, ప్లాట్‌ఫారం పొట్టి అయ్యేసరికి ముందు పెట్టెలూ వెనక పెట్టెలూ బయటే ఆగేవి. సాయంత్రం బండికి లేడీస్ పెట్టె వెనకాల, గార్డు పెట్టెని ఆనుకుని ఉండేది, పొద్దున బండికి అదే ఇంజను వైపు వచ్చేది, రెండు పూటలా ఒక్క కొసనే. అంటే ప్లాట్‌ఫారం అయిపోయాక, వేపచెట్టు దగ్గర, జారిపోయే కంకర మీద. మగవాళ్ళయితే పంచె ఎగ్గట్టి దూకేవాళ్ళు. తల మీద కూరగాయల గంప, చంకలో పిల్ల, ఒంటికి చుట్టుకున్న తడి చీరతో ఆడది ఎలా దూకుతుందని ఏ ఆఫీసులోనూ ఎవరికీ తట్టలేదు. తట్టింది దేవదానం మావయ్యకి. సిగ్నళ్ళు చూసి, పట్టాలు మార్చి, గంట కొట్టే మనిషి ఆయన. పారేసిన దుంగ ముక్కతో పీట చేసి, పొద్దున బండికీ సాయంత్రం బండికీ వేపచెట్టు కింద తలుపుకి సరిగ్గా వేసేవాడు. రెండు నిమిషాల్లో ఇరవై మంది ఆడవాళ్ళు ఆ పీట మీంచి ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. ఎవరూ ఆయనకి చెయ్యమని చెప్పలేదు, చేసినందుకు ఏ కాగితమూ రాలేదు. డిసెంబరులో ఆయన భార్య క్రిస్మస్ అరిసెలు స్టీలు డబ్బాలో సర్ది పంపితే, అవి పొద్దున బండిలో పెట్టె అంతా తిరిగి కొండపల్లి వచ్చేసరికి ఖాళీ అయిపోయేవి.

బండిలో వెళ్ళేదంతా మెట్ట ప్రాంతపు పంటే. మాఘంలో కల్లాల్లో మిర్చి ఎండితే ప్లాట్‌ఫారం మీద మాస్టరు దగ్గర్నుంచి మేక దాకా తుమ్ములే. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి పసుపు బట్టల జనం దిగి, బండ్లు కట్టుకుని మునేరు ఒడ్డుకి పోయేవాళ్ళు. వేసవిలో ముంజల గెలలు, వానలు పడ్డాక జామకాయలు, దసరాకి సీతాఫలాలు, చలికాలం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. నైజాం వైపు పల్లెల ఆడవాళ్ళు పూల బుట్టలతో ఎక్కి, మావాళ్ళ మాటని వెక్కిరిస్తూ, మావాళ్ళ చేత వెక్కిరించుకుంటూ బెజవాడ దాకా నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

ఆ పెట్టెలో చేతిలో పుస్తకం ఉన్న ఆడది మా అమ్మ ఒక్కతే. పదో తరగతి అవుతూనే పెళ్ళి చేశారు. నాకు ఎనిమిదేళ్ళు వచ్చాక, పంతులమ్మ ట్రైనింగుకి బెజవాడలో సీటు వచ్చిందని కాగితం చూపించింది. నాన్న ఔననీ అనలేదు, కాదనీ అనలేదు, అలవాటు చొప్పున వాళ్ళమ్మ వైపు చూశాడు. నాయనమ్మ రెండ్రోజులు ఆలోచించి ఒక షరతు పెట్టింది. పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి రావాలి. ఏ రోజు సాయంత్రం బండికి మన స్టేషన్లో దిగదో, ఆ మర్నాటి నుంచి చదువు లేదు. బెజవాడలో చుట్టాలింట ఉండిపోవడాలూ, బండి తప్పిపోవడాలూ కుదరవు. అమ్మ సరేనంది. రెండేళ్ళ చదువు ఆ రెండు నిమిషాల మీద నిలబడింది.

అమ్మకి ఎదురెళ్ళే పని నాది. బడి నుంచి రాగానే ఓ జామకాయ కొరుక్కుంటూ పొలం గట్ల మీద నడిచి, వేపచెట్టు కింద పీట మీద కూర్చుని పట్టాలకేసి చూసేదాన్ని. ఇంట్లో పీట మాట ఎత్తితే నాయనమ్మ మొహం ముడుచుకునేది. ఎవరెవరో ఎక్కి దిగే పీట మీద కూర్చుని వచ్చావా, కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి రా అనేది. ఎవరెవరో అంటే ఎవరో, దేవదానం మావయ్యకి మా ఇంట్లో మంచినీళ్ళు వేరే గ్లాసులో ఎందుకు ఇచ్చేవాళ్ళో నాకప్పుడు తెలిసీ తెలియదు. ఇప్పుడు తెలుసు. దాన్ని కప్పిపుచ్చే ఉద్దేశం నాకు లేదు.

రెండో ఏడు శ్రావణంలో జరిగిందది. అమ్మకి ఏడో నెల. చెల్లి కడుపులో ఉంది. పరీక్షలు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. వాగు పొంగుతుందేమో, పిల్లని ఒక్కదాన్నీ పంపనని నాయనమ్మ గొడుగు తీసుకుని నాతో బయల్దేరింది. దారి పొడుగునా మా అమ్మని, రైలుని, వానని, చదువుకునే ఆడవాళ్ళందర్నీ వరసగా తిట్టింది. స్టేషనుకి చేరేసరికి ఈదురుగాలికి సిగ్నలు దీపం ఆరిపోతే వెలిగించడానికి దేవదానం మావయ్య స్టేషనుకి దూరంగా ఉండే అవుటరు సిగ్నలు దాకా వెళ్ళాడట. వెళ్తూ వెళ్తూ పీట మాత్రం ఎప్పటి చోటనే, వేపచెట్టు కింద పెట్టి వెళ్ళాడు. నేను దాని పక్కన నిలబడ్డాను. నాయనమ్మ పీటకి నాలుగడుగుల దూరంలో నిలబడింది.

బండి వచ్చింది. వేపచెట్టు ముందు ఆగిన పెట్టె తలుపు తీసుకుని బీడీ కాలుస్తున్న మగవాళ్ళు మాకేసి చూశారు. నాకు అర్థం కాలేదు. ఆ చెట్టు ముందు లేడీస్ పెట్టె తప్ప ఇంకో పెట్టె ఆగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చెట్టు తప్పా, బండి తప్పా అన్నట్టు చెట్టుకేసి కూడా చూశాను. ఊరంతా అంతే, పెట్టె వరస మారుతుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, అందుకే అన్నేళ్ళూ ఒక్క చోటే ఒక్క పీట.

వెనక పెట్టెలోంచి గార్డు తల బయటపెట్టాడు. కళ్ళద్దాల మీంచి వాన కారుతున్న సన్నపాటి మనిషి. రోజూ మమ్మల్ని చూసేవాడు గానీ ఏనాడూ పలకరించి ఎరగడు.

"పాపా, ఇవాళ బెజవాడలో పెట్టెల వరస తిరగబడింది. లేడీస్ పెట్టె ఇంజను పక్కన పడింది. పీట తీసుకుని పొండి. జెండా నా చేతిలోనే ఉంది."

అవతలి కొస. ప్లాట్‌ఫారం దాటి ఇంకా అవతల, కంకర కింద వాననీటి కాలవ ఉండే చోటు. నేను కడియం పట్టుకుని లాగాను. పీట జానెడు జరిగింది. మళ్ళీ లాగాను. ఇంకో జానెడు. అమ్మ దిగకపోతే మధిరలో దిగాలి, మధిర నుంచి ఆ వానలో తిరుగు బండి మర్నాటికి గానీ లేదు, మర్నాటి నుంచి చదువు లేదు. షరతు పెట్టిన మనిషి గొడుగు కింద నిలబడి నన్ను చూస్తోంది. నేను ఏడుస్తున్నానన్న సంగతి నాకే తెలియదు.

గొడుగు ఎగిరి వేపచెట్టుకి తగిలింది. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపింది, వంగి రెండో కడియం పట్టుకుంది.

"ఏడుపాపి ఎత్తవే."

అరవై దాటిన మనిషి, తొమ్మిదేళ్ళ పిల్ల, మధ్యలో తారు కంపు కొట్టే దుంగ. బండి పొడుగునా కిటికీల్లో మొహాలు మమ్మల్ని చూస్తూ పోయాయి, లేదా మేమే పోయాం. పరిగెడుతూ కూడా నాయనమ్మ నోరు ఆగలేదు. నా నడకని తిట్టింది, బండి పొడుగుని తిట్టింది, పొట్టి ప్లాట్‌ఫారం కట్టినవాడి వంశాన్ని తిట్టింది. ఆఫీసు గది ముందు స్టేషన్ మాస్టరు ఏదో అడగబోతే, పని చూసుకో నాయనా అని ఆయన్నీ వదల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే వానలో దూరంగా గార్డు, చంకలో చుట్టి పెట్టుకున్న పచ్చ జెండా.

లేడీస్ పెట్టె తలుపులో అమ్మ కింది మెట్టు మీద రెండు కడ్డీలూ పట్టుకుని నిలబడి ఉంది. కింద కంకర జారి, కాలవలో ఎర్రనీళ్ళు. వెనకనుంచి పూలమ్మే ముసలామె అమ్మ జబ్బ పట్టుకుని ఉంది.

"దుంకకు బిడ్డా. నీ పీట వస్తాంది, ఆగు."

పీట వేశాం. వాలు మీద అది నిలవలేదు, కాలవ వైపు ఒరిగింది. నాయనమ్మ మోకాళ్ళ మీద కూలబడి, కాలవ వైపు రెండు కాళ్ళనీ రెండు చేతులా పట్టుకుని, పీట అంచుకి భుజం ఆనించింది. అమ్మ కాలు చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. పీట మీద కాలు పెడితే అత్తగారి భుజానికి తగులుతుంది. మా ఇళ్ళలో పొరపాటున పెద్దవాళ్ళకి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం.

"కాలు తగులుతుంది అత్తయ్యా."

"తగలనీ. దిగు."

అమ్మ దిగింది. దిగగానే వంగబోయింది, నాయనమ్మ కసిరింది, వెనకాల ఇంకా జనం ఉన్నారు, పక్కకి జరగమంది. ఆ తర్వాత పూల బుట్ట, ఖాళీ కూరల గంపలు, పాల క్యాన్లు, పదకొండు మంది ఆడవాళ్ళు, ఎవరెవరో, అందరూ నాయనమ్మ భుజం మీంచే దిగారు. ఆఖరామె దిగాక నేను ప్లాట్‌ఫారం మధ్యకి పరిగెత్తి చెయ్యి ఊపాను. అప్పుడు విప్పాడు గార్డు జెండా. ఆ వానలో అంత దూరాన ఆ పచ్చటి రంగు నాకింకా కనిపిస్తుంది. ఆయన పేరు నాకు తెలియదు. రైల్వేని ఎవరైనా తిడితే నేను వాదనకి దిగేది ఆయన కోసమే.

 రాత్రి అన్నాల దగ్గర నేనే ఉండబట్టలేక, అమ్మ చదువు కోసం పీట మోశావు కదా నాయనమ్మా అన్నాను.

"నేను మోసింది పీటని" అంది, మజ్జిగ పోసుకుంటూ. "కోడల్ని మధిర తోలేసిందని ఊరంతా నవ్వదూ?"

అంతే ఒప్పుకుంది, చచ్చేదాకా అంతే. కానీ మర్నాడు పొద్దున గంట మోగకముందే లేచి అమ్మ క్యారియర్ తనే సర్దింది. షరతు మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు. నాలుగు రోజుల తర్వాత దేవదానం మావయ్యని పిలిపించి, నీ పీటకి ఒక కాలు పొట్టి, చూసుకోవద్దా అని దెబ్బలాడింది. దెబ్బలాట అయ్యాక, పెరట్లో విరిగి పడున్న ఎడ్లబండి నొగ చూపించి, ఇది పట్టుకెళ్ళి అవతలి కొసకి ఇంకోటి చెయ్యమంది. మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇచ్చిందో నేను చూడలేదు, చూశానని అబద్ధం చెప్పను. కానీ ఆ వారం నుంచీ మా స్టేషన్లో రెండు కొసలా రెండు పీటలు. ఆ స్టేషన్ చరిత్ర ఎవరైనా రాస్తే, రెండో పీట మా నాయనమ్మ కల్పించిన సౌకర్యమని రాయాలి. రాయకపోతే నేనడుగుతాను.

అమ్మ ట్రైనింగు పాసై, ముప్పయ్యేళ్ళు చుట్టుపక్కల బళ్ళల్లో పాఠాలు చెప్పింది. కొన్నాళ్ళకి ప్లాట్‌ఫారం పొడిగించారు, ఎత్తు పెంచారు, ఇక పీటలతో పని లేకపోయింది. బండి నొగతో చేసిన పీట ఎవరి పొయ్యిలోకి పోయిందో తెలియదు. దుంగ పీటని దేవదానం మావయ్య రిటైరయిన రోజున భుజాన వేసుకుని వచ్చి, ఇది మీదేనమ్మా అని మా గుమ్మంలో దించి వెళ్ళాడు. అమ్మ దాన్ని లోపలికి తెచ్చుకుంది, నందిగామ మారినప్పుడు తప్ప మళ్ళీ గడప దాటనివ్వలేదు.

పాత రోజులే బాగుండేవని నేననను, అనేవాళ్ళతో దెబ్బలాడతాను. మొన్న ఉగాది వెళ్ళాక ఖమ్మంలో చెల్లి దగ్గరికి వెళ్ళి వస్తూ, అమ్మ అడిగిందని మా స్టేషన్లో దిగాం. పొడుగాటి ప్లాట్‌ఫారం, చక్రాల కుర్చీకి వాలుబాట, పట్టాలు దాటడానికి పైవంతెన, తాగడానికి చల్లటి నీళ్ళు, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, దానికి లోపలి గడియ కూడా ఉంది, వేసి చూశాను. ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో వెలుగుతున్న అంకెల్లో చూపిస్తారు. ఇదంతా మా అమ్మకి ఏడో నెలలో ఉండాల్సింది అని నాకు కోపం వచ్చింది గానీ, వచ్చినందుకు సంతోషమూ వేసింది. వేపచెట్టు లేదు. పట్టాముక్క గంట లేదు. పెంకుల గది ఉంది, తలుపులకి తాళం.

బండి ఆగింది. ముందు నేను దిగి, సంచీ కింద పెట్టి వెనక్కి తిరిగాను. ప్లాట్‌ఫారం పెట్టె గుమ్మానికి దాదాపు సమానంగా ఉంది, గదిలోంచి గదిలోకి నడిచినట్టు నడిచి రావచ్చు. అమ్మ మాత్రం కడ్డీ పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. కుడికాలు బయటపెట్టి, బొటనవేలితో కిందకి, బండికీ గట్టుకీ మధ్య సందులోకి వెతుకుతోంది.

"అక్కడేం లేదమ్మా, ముందుకి వెయ్యి."

"ఉండవే, తగులుతుందేమో చూడనీ" అంది అమ్మ.

పీటా, నాయనమ్మ భుజమా అని నేను అడగలేదు.